కొల్లేటికి రాని ఓడ

నా బల్ల మీద ముప్పై ఏళ్ల పైచిలుకు ఒక ఇనప గుండు ఉండేది. కాగితాలు ఎగిరిపోకుండా దాన్ని పెట్టుకునేవాణ్ణి. ఇంటికి ఎవరొచ్చినా ముందు దాని వైపే చూసేవారు. "ఇదేంటండీ మాస్టారూ" అని వాళ్లంతట వాళ్లు అడిగేదాకా నేను వేరే సంగతులు మాట్లాడుతూ కూర్చునేవాణ్ణి. అడిగాక కళ్లజోడు తీసి, కండువా అంచుతో తీరిగ్గా తుడుచుకుని, "అది ఫ్రెంచి ఓడలోంచి వచ్చిన ఫిరంగి గుండు" అనేవాణ్ణి. కళ్లజోడు తుడుచుకోవడం అవసరం. అది లేకపోతే సగంమంది నమ్మరు.

ఇప్పుడు ఆ గుండు నా దగ్గర లేదు. ఎందుకు లేదో రాస్తున్నాను. రాసేటప్పుడు ఎక్కడైనా కాస్త ఎక్కువ చెప్పినట్టు అనిపిస్తే అక్కడికక్కడే వెనక్కి తీసుకుంటాను. ఈ షరతు మా ఆవిడ పెట్టింది. ఈ కాగితాలు ముందు చదివేది ఆవిడే.

నేను చరిత్ర మాస్టార్ని. ఎక్కువ కాలం ఏలూరులో, మధ్యలో ఆరేళ్లు తాడేపల్లిగూడెంలో పనిచేశాను. తొమ్మిదో తరగతికి అమెరికా స్వాతంత్ర్య యుద్ధం పాఠం ఉండేది. పుస్తకంలో అది రెండు పేజీలు. టీ పెట్టెలు నీళ్లలో పారేశారు, తిరగబడ్డారు, గెలిచారు. నాకది చాలేది కాదు. పిల్లలకి సముద్రం చూపించాలని ఉండేది.

"వాళ్ల దగ్గర సైనికులున్నారు గానీ చెప్పుకోదగ్గ ఓడలు లేవర్రా" అనేవాణ్ణి. "ఇంగ్లీషువాడికి ఓడలే బలం. ఏ రేవులో కావాలంటే ఆ రేవులో సైన్యాన్ని దింపుతాడు. అందుకని తీరంలో ఉన్న ప్రతి ఊరూ పొద్దున లేచి సముద్రం వైపు అనుమానంగా చూడాల్సిందే. దూరంగా తెరచాప కనబడితే అది మనవాడిదా, పైవాడిదా?" ఒక రేవులో అమెరికావాళ్లు తాటి జాతి చెట్ల దుంగలు పేర్చి, మధ్య ఇసుక పోసి కోట కట్టారు. ఇంగ్లీషు ఓడలు పొద్దస్తమానం గుండ్లు కురిపించినా ఆ మెత్తటి దుంగలు పగల్లేదు. గుండ్లు వాటిలోకి దిగి అక్కడే ఉండిపోయాయి. ఇది చెప్పగానే వెనక బెంచీలవాళ్లు కూడా లేచి కూర్చునేవారు. "మన తాటి దుంగలేనాండీ?" అని అడిగేవారు. "దాని పినతండ్రి కొడుకులాంటి చెట్టు" అనేవాణ్ణి.

తరవాత ఫ్రెంచివాళ్లు సాయానికి వచ్చారు. అమెరికావాళ్ల మీద ప్రేమతో కాదు, ఇంగ్లీషువాళ్ల మీద పాత కసితో. వచ్చిన కొత్తలో వాళ్లని ఎవరూ నమ్మలేదు. ఒకసారి రేవు ముట్టడికి వచ్చి, గాలివానకి ఓడలు దెబ్బతింటే బాగుచేసుకోవాలని పని సగంలో వదిలి వెళ్లిపోయారు. తీరంలోవాళ్లు తిట్టిన తిట్లు నేను క్లాసులో చెప్పేవాణ్ణి. (ఆ తిట్లు నా సొంతం. అక్కడివాళ్లు ఏం తిట్టారో నాకు తెలియదు.) చివరికి ఆ ఫ్రెంచి ఓడలే ఒక పెద్ద అఖాతం ముఖద్వారంలో అడ్డంగా నిలబడ్డాయి. లోపల చిక్కుకున్న ఇంగ్లీషు సైన్యానికి సముద్రం దారి మూసుకుపోయింది. లొంగిపోయారు. అదే యుద్ధం మన దాకా వచ్చింది. ఆ ఇంగ్లీషు, ఫ్రెంచి ఓడలే మన తూర్పు తీరానికి దక్షిణంగా ఒకళ్లనొకళ్లు పేల్చుకున్నాయి. అప్పటికి మన ప్రాంతమంతా ఇంగ్లీషువాళ్ల చేతిలో ఉంది. బందరులో వాళ్ల కోట ఉంది.

ఇదంతా నిజం. అక్కడితో ఆగి ఉంటే నేను మంచి మాస్టార్ని.

ఆగకపోవడానికి కారణం ఎన్నికల డ్యూటీ. తాడేపల్లిగూడెంలో ఉండగా ఒక వేసవిలో నన్ను కొల్లేటి లంక గ్రామానికి ప్రిసైడింగ్ ఆఫీసరుగా వేశారు. ఊరికి అప్పట్లో రోడ్డు లేదు. తాటి దోనెలో వెళ్లాలి. మా దోనె నడిపిన మనిషి నా ఈడువాడే, బలమైనవాడు. కొంత దూరం పోయాక దోనె బురదలో కూరుకుంది. అతను మమ్మల్ని దింపి, బ్యాలెట్ పెట్టె నెత్తిన పెట్టుకుని ముందు నడిచాడు. నేను పంట్లాం మడుచుకుని చీలమండ లోతు నీళ్లలో, తొడ లోతు బురదలో అతని వెనక నడిచాను. తొడ లోతు కాదు. పిక్క లోతు.

మర్నాడు మధ్యాహ్నానికి ఓట్లన్నీ పడిపోయాయి. అయిదింటిదాకా పెట్టె ముందు కూర్చోవాలి. పోలింగు పెట్టిన బడి పక్కింటాయన చెంబుతో మజ్జిగ తెచ్చి ఇచ్చాడు. బడి అరుగు మీంచి కాలువ కనబడుతుంది. అందులో వరసగా నల్లటి తాటి మొదళ్లు నీళ్లలోంచి తలలు పైకి పెట్టి ఉన్నాయి.

"అవేంటండీ?" అన్నాను.

"మా తాతల నాటియండి. ఎందుకు పాతేరో ఎవరికీ తెలవదండి" అన్నాడాయన.

ఎవరికీ తెలియదు అనే మాట వింటే నా నోరు ఆగదు. కడుపులో చల్లటి మజ్జిగ కూడా ఉంది. కొల్లేటి నీళ్లని సముద్రానికి మోసుకుపోయే ఉప్పుటేరు ఉంది కదా, దాన్ని పట్టుకుని ఒక ఫ్రెంచి ఓడ, మూడు తెరచాపలది, వైశాఖ పౌర్ణమి నాడు కొల్లేట్లోకి వచ్చిందని చెప్పాను. ఇంగ్లీషు పడవలు వెంటబడకుండా ఈ తాటి మొదళ్లు అడ్డం పాతారని చెప్పాను. దారి చూపించినవాడు ఈ లంకవాడే అన్నాను. మీ ఇంటి మనిషే అయి ఉండాలి అని కూడా అన్నాను. ఎందుకంటే మజ్జిగ ఇచ్చింది ఆయన. పక్కింటివాళ్లు ఇచ్చి ఉంటే పక్కింటి మనిషి అయ్యేవాడు.

ఆయన కాసేపు ఆలోచించి, "మావోళ్లలో ఒక చెవి లేని ముసలాయన ఉండేవోడంటారండి" అన్నాడు.

"ఆయనే" అన్నాను.

వైశాఖ పౌర్ణమి ఎందుకన్నానంటే ఆ నెల వైశాఖం, అంతే. దోనె నడిపిన మనిషి గుంజకి ఆనుకుని అంతా విన్నాడు. ఒక్క మాట మాట్లాడలేదు. కథ నచ్చింది కాబోలు అనుకున్నాను.

గుండు సంగతి ఆ తరవాతది. డ్యూటీ అయిన నెలకి, తాడేపల్లిగూడెంలో పాత ఇనప సామాన్ల కొట్లో కనిపించింది. మూసేసిన రైసుమిల్లు ఇంజను తాలూకుదని కొట్టువాడు చెప్పాడు. గుండ్రంగా, బరువుగా బాగానే ఉంది గానీ నడిమధ్యన ఇటు నుంచి అటు బెజ్జం ఉంది. ఫిరంగి గుండుకి బెజ్జం ఏమిటి? ఎన్నికల పెట్టెకి సీలు వెయ్యడానికి ఇచ్చిన లక్కలో రెండు పుల్లలు నా దగ్గర మిగిలిపోయాయి. వాటిని కరిగించి బెజ్జం పూడ్చి, పైన ఆముదంలో కలిపిన దీపం మసి రాశాను. ఎండలో రెండు రోజులు పెట్టాను. పాతకాలం వచ్చేసింది.

ఇన్నేళ్లూ ఆ కథ ఎవరికీ హాని చెయ్యలేదు. హాని చేసింది నేను తరవాత చేర్చిన పెట్టె.

రెండేళ్ల కిందట మా పాత విద్యార్థి ఒకడు ఇంటికొచ్చాడు. జంగారెడ్డిగూడెంలో సెల్‌ఫోన్ల దుకాణం నడుపుతున్నాడు. "మాస్టారూ, ఆ ఓడ కథ మళ్లీ చెప్పండి, వీడియో తీసి పెడతాను" అన్నాడు. ఊరి పేరుతో సహా చెప్పాను. ఓడ వచ్చింది, గుండు చూపించాను, కళ్లజోడు తుడుచుకున్నాను. మధ్యలో వాడు ఫోను వెనక ఆవులించాడు. నలభై ఏళ్ల ఉద్యోగంలో పిల్లల ఆవలింత నేను ఎప్పుడూ భరించలేకపోయాను. వెంటనే, "వెళ్లిపోతూ ఆ ఓడ కెప్టెన్ దారి చూపినవాడి చేతిలో ఒక చిన్న ఇనప్పెట్టె పెట్టాడు. అందులో ఏముందో నేటికీ తెలియదు" అన్నాను. వాడి నోరు మూతబడింది, కళ్లు తెరుచుకున్నాయి. నేను తృప్తిగా ముగించాను.

ఆ వీడియో లక్షమంది చూశారు. లక్ష కాదు. నాలుగు వేలు అని వాడు చెప్పాడు. అయినా ఆ నాలుగు వేలలో లంకలోవాళ్లు అందరూ ఉన్నారు.

ఆ ఏడు దసరా వెళ్లిన వారానికి ఒక పొద్దున్న మా గుమ్మంలో ఒక మనిషి నిలబడి ఉంది. యాభై ఏళ్లుంటాయి. పొందికగా కట్టిన నేత చీర, చేతిలో ఖాళీ సంచి. లోపలికి రమ్మంటే రాలేదు. అరుగు మీద కూర్చుని, నా మొహంకేసి కాకుండా కిటికీలోంచి బల్ల మీది గుండుకేసి చూస్తూ మాట్లాడింది. నాకు మజ్జిగ ఇచ్చినాయన కోడలు. మావగారు పోయారు, మొగుడు పోయి నాలుగేళ్లయింది.

"పెట్టె ఎక్కడుందండి మాస్టారూ?" అంది.

"ఏ పెట్టె?"

"మీరు చెప్పిందేనండి."

నా వెనక గుమ్మంలో మా ఆవిడ కాఫీ గ్లాసుతో ఆగిపోయింది. "పెట్టె ఎప్పుడు చేర్చారండీ? మొదట్లో లేదే" అంది.

అసలేం జరిగిందో చెప్పమని వచ్చినావిడని అడిగాను. ఆమె చెప్పింది. ఊరి కాలువలో మావులు వెయ్యడానికి చోట్లుంటాయి. మావు అంటే వెదురుతో అల్లిన బుట్టలాంటిది, చేప లోపలికి పోగలదు, బయటికి రాలేదు. ఏ ఇంటికి ఏ చోటో ఏటా దసరా వెళ్లాక చీట్లు తీసి తేలుస్తారు. కుండలో చీటీ లేని ఇల్లు ఆ ఏడాదంతా కాలువలో మావు వెయ్యకూడదు. ఈమెకి చెరువుల్లో వాటా లేదు. ఆ మావుల మీదే బతుకుతూ, కూతుర్ని ఏలూరులో నర్సింగు చదివిస్తోంది. ఈ ఏడు ఈమె చీటీ కుండలో వెయ్యనిచ్చేది లేదన్నారు ఊరి పెద్దలు. ఫ్రెంచివాడి పెట్టె ఈమె ఇంట్లోనే ఉందట. అది ఊరి నీళ్లలో సంపాదించింది కాబట్టి ఊరందరిదట. బయటపెట్టేదాకా చీటీ లేదు.

"పోయినేడు రేకులు తీసేసి శ్లాబు ఏయించేనండి. మా తమ్ముడు సాయం చేసేడు. అది ఎవరూ నమ్మటం లేదండి. పొయ్యి పక్కన ఎవరో తవ్వేరు. మా ఆడబడుచు కూడా వచ్చి గోడలు తట్టి చూసి పోయింది."

"అలాంటి పెట్టె లేదమ్మా. నేను కల్పించాను" అన్నాను.

ఆమె మొదటిసారి నా మొహంకేసి చూసింది. నాకు ఉపశమనం కనబడుతుందనుకున్నాను. కనబడింది వేరు.

"నేనూ తవ్వేనండి" అంది నెమ్మదిగా. "మా మావగారు పోయే ముందు చెయ్యి చాపి ఏదో చెప్పబోయేరు. నీళ్లడిగేరనుకున్నాం. నీళ్లు పోస్తే తాగలేదు. మీ వీడియో చూసేక ఆ చెయ్యి ఎటు చాపేరో గుర్తు తెచ్చుకుని అక్కడ తవ్వేను."

మా ఆవిడ కాఫీ గ్లాసు ఆమె పక్కన పెట్టి, నావైపు చూడకుండా లోపలికి వెళ్లిపోయింది. ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది.

"చీట్లు ఎప్పుడు?" అన్నాను.

"ఎల్లుండండి."

"నేను వచ్చి మీ పెద్దల ముందు చెప్తాను."

ఆమె కాఫీ ముట్టుకోలేదు. "మీరెందుకు వస్తారండి అంత దూరం? సాయానికొచ్చేవోళ్లు ఊరికే వస్తారాండి?" అంది.

నలభై ఏళ్లు నేను క్లాసులో ఫ్రెంచివాళ్ల గురించి చెప్పిన మాట అదే. నా అరుగు మీద కూర్చుని నాకే చెప్పింది.

మూడోనాడు పొద్దున్నే గుండుని గుడ్డసంచిలో వేసుకుని బస్సెక్కాను. బరువుకి సంచి సాగి నేలకి తగులుతోంది. కండక్టరు టిక్కెట్టు కొడుతూ, "ఏంటండీ అందులో" అన్నాడు. "ఇనప గుండు" అన్నాను. "ఎందుకండీ?" అన్నాడు. ఆ ప్రశ్నకి నా దగ్గర పొట్టి జవాబు లేదు. నేను దిగేదాకా అతను నన్ను ఒక కంట చూస్తూనే ఉన్నాడు. బస్సు దిగాక చెరువు గట్ల మీద ఆటో, ఆఖర్న కాలువ దాటడానికి తాటి దోనె. ఆ దోనె ఆమెదే. గెడ వేస్తున్నంతసేపూ ఆమె నా సంచి వైపే చూస్తోంది. నేను పెట్టె కోసం వస్తున్నానని ఆమెకి ఇంకా అనుమానం. పెద్దల ముందు ఆమె మాట మార్చి, తవ్విన సంగతి చెప్పేస్తుందేమోనని నాకు అనుమానం.

ఊరి మధ్య సిమెంటు అరుగు మీద పెద్దలు కూర్చున్నారు. చుట్టూ చేపలు సర్దే థర్మోకోల్ పెట్టెలు దొంతర్లుగా ఉన్నాయి. జనం వాటి మీద కూడా ఎక్కి కూర్చున్నారు. మధ్యలో పసుపు రాసిన కుండ. వాళ్లలో పెద్దాయన్ని చూడగానే గుర్తుపట్టాను. ముప్పై ఏళ్ల కిందట నన్ను బురదలో దింపి నడిపించిన దోనె మనిషి. జుట్టు తెల్లబడింది, భుజాలు మాత్రం అలాగే ఉన్నాయి.

"ఆయ్, రండి మాస్టారూ. కూర్చోండి. ఏంటండీ ఇలా వచ్చేరు" అన్నాడు.

నిలబడే చెప్పాను. ఓడ రాలేదన్నాను. పెట్టె లేదన్నాను. ఈ అమ్మ మావగారు నాకు మజ్జిగ ఇచ్చిన పాపానికి ఆ కథలో ఇరుక్కున్నారన్నాను. గొంతు వణికిందని రాయాలనుంది. వణకలేదు, చదువు చెప్పే గొంతుతోనే చెప్పాను. బహుశా అందుకే ఎవరూ నమ్మలేదు.

థర్మోకోల్ పెట్టెల మీంచి ఒకాయన, "అప్పుడు ఉందన్నారు, ఇప్పుడు లేదంటన్నారు. మధ్యలో ఆవిడ మీ ఇంటికెళ్లొచ్చింది. మేం చూళ్లేదనుకున్నారాండి?" అన్నాడు.

"ఇద్దరూ పంచుకున్నట్టున్నారు" అని వెనక నుంచి ఒక ఆడగొంతు.

"ఆ సంచిలో ఏముందో అడగండ్రా ముందు."

గుండు తీసి అరుగు మీద పెట్టాను. జనం దగ్గరికి జరిగారు. నిజం చెప్తున్నాను, అన్నేళ్లలో ఆ గుండుని అంత భక్తిగా ఎవరూ చూడలేదు. ఒక చాకు అడిగి తీసుకుని, మసి గీకి, లక్క తవ్వడం మొదలుపెట్టాను. నల్లటి గుండులోంచి ఎర్రటి పొడి రాలింది. లోపలి లక్క కదలకపోతే ఒక కుర్రాడు వల అల్లే మేకు ఇచ్చాడు. కాసేపటికి బెజ్జం ఇటు నుంచి అటు తేటగా వెలుతురు చూపించింది.

"రైసుమిల్లుదండి. తాడేపల్లిగూడెంలో పాత ఇనప కొట్లో కొన్నాను. ఇది మీ ఊళ్లో ఓట్ల పెట్టెకి వేసిన లక్కే."

ఎవరో నవ్వారు. నవ్వు చుట్టూ తిరగబోయి పెద్దాయన మొహం చూసి ఆగిపోయింది.

"గుండు అబద్ధమేనండి, ఒప్పుకుంటాం" అన్నాడాయన. "గుండు అబద్ధమైతే పెట్టె అబద్ధమవ్వాలని ఏం లేదు కదండి."

ఇది మంచి తర్కం. తొమ్మిదో తరగతిలో ఎవరైనా ఇలా అడిగి ఉంటే మెచ్చుకునేవాణ్ణి. ఆమె జనం అంచున నిలబడి ఉంది. చేతిలో మడిచిన చీటీ ఉంది. పొద్దున్నే రాసి తెచ్చుకున్నట్టుంది, చెమటకి మెత్తబడిపోయింది. కుండలో అప్పటికే మిగతా ఇళ్ల చీట్లన్నీ వేసేశారు.

అప్పుడు నాకు ఆ బురద గుర్తొచ్చింది. నా బుర్ర చాలా చురుగ్గా పనిచేసిందని చెప్పుకోను. అరుగు పక్కన కాలువ, కాలువలో ఆ నల్లటి తాటి మొదళ్లు ఎదురుగా ఉన్నాయి, అంతే.

"పెద్దాయనా, నా మాట మీరు నమ్మకండి" అన్నాను. "మీ మాటే చెప్పండి. ఎన్నికలప్పుడు నన్నూ ఓట్ల పెట్టెనీ మీరే దోనెలో తెచ్చారు. గుర్తుందా?"

"ఎందుకుండదండి."

"సగం దారిలో దింపి నడిపించారు. ఎందుకు?"

ఆయన భుజం మీది తువ్వాలు సర్దుకున్నాడు.

"మీకు దోనె నడపడం చేతకాక దింపారా, నీళ్లు లేక దింపారా?"

జనంలో ఒక రకం చప్పుడు పుట్టింది. ఆ ఊళ్లో ఆయన్ని ఆ ప్రశ్న ఎవరూ అడిగి ఉండరు. కొల్లేట్లో ఏ గాలికి ఏ మూల ఎంత లోతు ఉంటుందో గెడ ముంచకుండా చెప్పగలడని ఆయనకి పేరు. ఆ సంగతి ఆ రోజుల్లోనే ఆయన నాకు దారి పొడుగునా చెప్పాడు.

"నాకు చేతకాకపోవడం ఏంటండీ" అన్నాడు. గొంతు మారింది. "వైశాఖంలో అక్కడ నీళ్లెక్కడుంటాయి? మోకాలికి కూడా రావు."

"మరి నా ఓడ వచ్చింది వైశాఖ పౌర్ణమికి."

థర్మోకోల్ పెట్టెల మీదాయన, "రెండొందల ఏళ్ల కిందట నీళ్లెక్కువుండేవేమో" అన్నాడు.

పెద్దాయన అతని వైపు తిరిగాడు. "నీకేం తెలుసురా? కాలవలూ ఆనకట్టలూ రాక ముందు ఎండాకాలం ఇంకా ఎండేది. మా తాత ఈ లంక నించి ఆ లంకకి పెళ్లికి నడిచెళ్లేడు, చెప్పులేసుకుని. మూడు తెరచాపల ఓడ ఎక్కడొస్తది? ఉప్పుటేరు మొగలోనే కూలబడద్ది. తాటి దోనెకి లేని నీళ్లు ఓడకి ఎక్కడివి?"

అన్నాక ఆయనకే వినబడింది, తనేం అన్నాడో. కుండ వైపు చూశాడు. చాలాసేపు చూశాడని రాద్దామనుకున్నాను గానీ, ఒక ఊపిరి తీసుకున్నంతసేపే.

"ఓడ లేదు" అన్నాడు. "ఓడ లేకపోతే పెట్టె లేదు. చీటీ ఎయ్యమ్మా."

ఆమె వచ్చి చీటీ కుండలో వేసింది. ఎవరూ అడ్డు రాలేదు. ఇష్టపడీ రానివ్వలేదు. ఆడబడుచు కాబోలు, ఒకావిడ మొహం తిప్పుకుంది. అనుమానం ఒక్క మధ్యాహ్నంలో పోయే వస్తువు కాదు. నేను దానికి ముప్పై ఏళ్లు ఎరువు వేశాను.

చీట్లు తీశారు. ఆమెకి తాటి మొదళ్ల వెనక చోటు వచ్చింది. ప్రవాహం సరిగా అందని చోటట. కాలువ మొగలో ఉన్న మంచి చోటు పెద్దాయన కొడుక్కి వచ్చింది. చీటీ తీసింది ఎవరా అని నేను చూశాను. ఒక ముసలావిడ, కళ్లు మూసుకునే తీసింది. అయినా చూశాను.

ఊరివాళ్లు నాకు తప్పు వేశారు. జంగారెడ్డిగూడెం కుర్రాణ్ణి పిలిచి, ఏ ఫోన్లో అబద్ధం చెప్పానో ఆ ఫోన్లోనే నిజం చెప్పాలి. రెండోది, గుండు ఆమెకి ఇచ్చెయ్యాలి. రెండూ ఒప్పుకున్నాను. ఆ రెండో వీడియో కూడా వచ్చింది. దాన్ని రెండువందలమంది చూశారు. ఈ అంకె పెంచలేదు, తగ్గించలేదు.

బయల్దేరే ముందు పెద్దాయన నన్ను రేవుదాకా సాగనంపాడు. నేను ఉండబట్టలేక అడిగాను. "ఆ రోజు బడి అరుగు దగ్గర మీరు నా కథ విన్నారు. అప్పుడే తెలుసు కదా వైశాఖంలో ఓడ రాదని. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?"

"అతిథిగా వచ్చేరండి. పైగా మాకు మంచి పేరే కదండి, బాగుందని ఊరుకున్నాను."

"మరి ఇప్పుడు? ఈ అమ్మ చీటీ ఆపినప్పుడు?"

ఆయన కాలువ వైపు చూస్తూ, "నీళ్ల సంగతి ఎవరూ అడగలేదండి. పెట్టె సంగతే అడిగేరు" అన్నాడు.

అది అమాయకత్వమో, కుండలో ఒక చీటీ తక్కువుంటే కొడుక్కి మంచి చోటు దగ్గరవుతుందన్న ఆలోచనో నాకు ఇప్పటికీ తేలలేదు. నేను ఆయన్ని అనుమానిస్తున్నాను. ఆయన కూడా నన్ను అనుమానిస్తూనే ఉండి ఉంటాడు, నేను పెట్టె పేరు ఎందుకు ఎత్తానా అని. ఆవలింత ఆపడానికి అంటే ఎవరు నమ్ముతారు?

ఆమె దోనె విప్పింది. గుండుకి నేను తవ్విన బెజ్జంలోంచి అప్పటికే ఒక నైలాన్ తాడు దూర్చి ముడివేసింది. ఒడ్డున దోనె నిలపడానికి ఇంతకు ముందు ఇటుక కట్టేదట. ఇటుక నానిపోయి ఊడిపోయేదట. గుండుని కాళ్ల దగ్గర పెట్టుకుని గెడ అందుకుంది.

కాలువ మధ్యకి వచ్చాక, "మాస్టారండీ, పెట్టె నిజంగా లేదు కదండి?" అంది.

"లేదమ్మా."

"మా మావగారు నీళ్లే అడిగేరంటారా?"

"పోస్తే తాగలేదన్నావు" అన్నాను.

"ఆయ్. దుప్పటి కావాలేమో. కాళ్లు చల్లగా ఉన్నాయి" అంది. గెడ రెండుసార్లు వేసింది. "కప్పాల్సింది."

తాటి మొదళ్లు పక్కనుంచి వెళ్లాయి. వాటి వెనక తన కొత్త చోటుని ఆమె గెడతో లోతు చూసుకుంది. నాకు మాట్లాడక తప్పదనిపించి, "మీ ఒక చెవి లేని తాత నిజంగానే ఉండేవాడా?" అన్నాను.

"ఉండేవోడండి. నీటికుక్క కొరికిందంటారు, చెవి."

నీటికుక్క అనగానే నాకు ఒక సంగతి తోచింది. ఒడ్డు ఇంకా దూరంగా ఉంది. నోరు మూసుకుని కూర్చున్నాను.

మూసుకోలేదు. "నీటికుక్కల గురించి ఒక ముసలి జాలరి నాకు చెప్పాడమ్మా" అని మొదలుపెట్టి, రెండు వాక్యాలు చెప్పాను కూడా. ఆమె గెడ ఆపింది. దోనె కాస్త పక్కకి తిరిగింది. ఆమె తన కాళ్ల దగ్గరున్న గుండుని పాదంతో నావైపు కొంచెం జరిపింది.

అప్పుడు మూసుకున్నాను.